ఆరు వందల గజాల గీత

పోయిన ఏప్రిల్‌లో మా మేడకు సున్నం కొట్టించాం. మూడంతస్తుల ఇంట్లో పై వాటా మాది. పగలంతా ఎండను తాగిన శ్లాబు రాత్రి తొమ్మిది దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే కప్పు కింద పోగైన వేడిగాలి మొహం మీదికి దిగుతుంది. మేస్త్రి తెల్లవారకముందే వచ్చాడు. రాత్రి డ్రమ్ములో నానబెట్టిన సున్నాన్ని పాత చీరముక్కతో వడగట్టి, జిగురు కలిపాడు. నేను బ్రష్షు అందుకోబోతే ఆపాడు. "ఆగుండ్రి సార్. ముందుగాల శ్లాబు తడపాలె. ఎండిన దాని మీద సున్నం పట్టది, పొట్టు లేస్తది." మొదటి కోటు నిలువుగా వేశాడు, అది ఆరాక రెండోది అడ్డంగా. మధ్యాహ్నం మూడింటికి చెప్పులు విప్పి ఆ తెల్లటి నేల మీద నిలబడ్డాను. ముందు రోజు అదే వేళకు అక్కడ అడుగు మోపలేకపోయాను.

డబ్బులు ఇస్తూ అడిగాను, "మరి మీ ఇంటికి వేసుకున్నారా అన్నా?" అని. పిట్టగోడ మీద చెయ్యి ఆనించి పక్క బస్తీ వైపు చూపించాడు. "అగో, అది మాది. అరవై గజాల జాగ, రేకులు. సున్నం సంగతి తర్వాత సార్, ముందు రేకు మార్చాలె. పగిలింది."

ఆ మాట చెవిలో ఉండగానే రెండు ప్రభుత్వ పత్రాలను పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి. భవన నిర్మాణ రంగంలో అందరూ దాన్ని ఈసీబీసీ అంటారు. రెండోది తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ. రెండూ భవనాల వేడి గురించే, కరెంటు ఖర్చు గురించే మాట్లాడతాయి. కానీ వేడి అంటే ఏమిటి, అది ఎవరి సమస్య అన్న రెండు ప్రశ్నలకు ఇవి ఇచ్చే జవాబులు వేరు. ఆ తేడా ఎక్కడుందో, ఎక్కడ అది మాయమై రెండూ ఒకే తప్పు చేశాయో చూపించడమే ఈ వ్యాసం పని.

రెండు పుట్టుకలు

ఈసీబీసీ వెనుక ఒక చట్టం ఉంది. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. ఫ్రిజ్‌ల మీదా ఏసీల మీదా మనం చూసే నక్షత్రాల చీటీ ఈ సంస్థదే. 2007 మేలో మొదటి నియమావళి, 2017 జూన్‌లో సవరించిన నియమావళి వచ్చాయి. కేంద్రం రాసినా, రాష్ట్రం తన నిబంధనల్లో చేర్చుకుంటేనే అది అమలవుతుంది. రాష్ట్రం రెండుగా విడిపోయిన 2014లోనే తెలుగు నేల దీన్ని తనదిగా చేసుకుంది. 2022లో చట్టాన్ని సవరించి, ఇళ్లను కూడా దీని పరిధిలోకి తెచ్చే వీలు కల్పించారు. 2070 నాటికి నెట్ జీరో సాధిస్తామని 2021లో గ్లాస్గోలో మన దేశం చెప్పిన మాట నిలబడాలంటే ఇలాంటి నియమావళి తప్పదు.

కూల్ రూఫ్ పాలసీ వెనుక ఒక బస్తీ ఉంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల పైకప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. ఆ ఇళ్ల లోపల వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఆ అనుభవం కూడా కలిసి, 2023 ఏప్రిల్ 3న రాష్ట్ర ప్రభుత్వం 2028 దాకా అమలయ్యే విధానాన్ని ప్రకటించింది. ఒక రాష్ట్రం పైకప్పుల కోసమే ప్రత్యేకంగా విధానం తేవడం దేశంలో అదే మొదలు. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును చల్లబరచడం లక్ష్యం. అందులో 200 హైదరాబాద్ ప్రాంతంలో, 100 మిగతా రాష్ట్రంలో.

ఒకటి దిల్లీలో చట్టంతో మొదలై కిందికి వచ్చింది. రెండోది బస్తీ కప్పు మీద మొదలై సచివాలయానికి ఎక్కింది. ఈ పుట్టుక తేడా రెండింటి భాషలోనూ, కొలమానాల్లోనూ కనిపిస్తుంది.

దేన్ని కొలుస్తున్నారు?

ఈసీబీసీ చూపు కిలోవాట్ల మీద ఉంటుంది. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ ఉన్న భవనం దాని దృష్టిలో పడుతుంది. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. అలాంటివి పదమూడు వందలకు పైగా ఒకేసారి తిరిగితే తప్ప 100 కిలోవాట్లు కాదు. అంటే ఈసీబీసీ మాట్లాడేది ఐటీ టవర్లతో, మాల్స్‌తో, పెద్ద ఆసుపత్రులతో, స్టార్ హోటళ్లతో.

వాటితో అది మాట్లాడే తీరు గట్టిది, వివరమైనది. మామూలు భవనం కంటే కనీసం 25 శాతం కరెంటు ఆదా చేస్తే ఈసీబీసీ స్థాయి, 35 శాతమైతే ఈసీబీసీ ప్లస్, 50 శాతమైతే సూపర్ ఈసీబీసీ. గోడ ఎంత వేడిని లోపలికి రానివ్వాలి, అద్దంలోంచి ఎంత ఎండ దిగాలి, పెద్ద ఏసీలకు చల్లటి నీళ్లు అందించే చిల్లరు ఎంత సమర్థంగా పనిచేయాలి, లైటుకు ఎన్ని వాట్లు చాలు అన్నీ రాసి పెట్టింది. దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విడదీసి, హైదరాబాద్‌కు ఒక లెక్క, విశాఖపట్నం తేమ గాలికి మరో లెక్క చెబుతుంది. నియమాలను వరసగా పాటించొచ్చు, లేదా ఒకచోట తగ్గిన దాన్ని మరోచోట భర్తీ చేయొచ్చు, లేదా మొత్తం భవనాన్ని కంప్యూటర్ మీద నడిపి చూపించొచ్చు.

ఈ పట్టుదలను గౌరవించాలి. రాయదుర్గం, గచ్చిబౌలి వైపు మెట్రో దిగి నడిస్తే ఎందుకో తెలుస్తుంది. పడమటి ఎండకు నిలువెత్తు అద్దాలు ఎదురొడ్డి నిలబడి ఉంటాయి. అద్దంలోంచి దిగిన ఎండను ఏసీ మళ్లీ తోడి బయట పారబోయాలి. ఆ వేడి వచ్చి పడేది వీధి మీద. టీ బండి దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ గార్డు మీద, సిగ్నల్ దగ్గర ఆగిన డెలివరీ కుర్రాడి మీద. గోడ మొత్తంలో కిటికీల వాటా 40 శాతం దాటకూడదని ఈసీబీసీ అంటుంది. ఆ ఒక్క వాక్యం లోపలివాళ్లతో పాటు బయటివాళ్లనూ కాపాడుతుంది. కూల్ రూఫ్ పాలసీలో అంత బలమున్న వాక్యం నాకు కనబడలేదు.

కూల్ రూఫ్ పాలసీ కొలిచేది చదరపు కిలోమీటర్లలో. అంటే కరెంటును కాదు, ఎండ పడే చోటును. ఈ రెండు పత్రాల మధ్య అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఇదేనని నా అభిప్రాయం. కిలోవాట్లలో కొలిస్తే కరెంటు ఎక్కువ వాడేవాడు పెద్దగా కనిపిస్తాడు, వాడలేనివాడు అసలు కనిపించడు. పైకప్పును కొలిస్తే మాత్రం మీటరుతో పనిలేదు. ఏసీ ఉన్న ఇంటి కప్పూ కప్పే, టేబుల్ ఫ్యాను కూడా లేని ఇంటి కప్పూ కప్పే. కొలమానం మారితే ఎవరు మనుషులుగా లెక్కకు వస్తారన్నది కూడా మారుతుంది.

వేడి ఎవరిది?

రెండు పత్రాల్లోనూ ఒకే శాస్త్రం ఉంది. కప్పు చల్లగా ఉండాలంటే రెండు గుణాలు కావాలి. పడిన ఎండను తిప్పికొట్టాలి. తప్పించుకుని దిగిన వేడిని త్వరగా ఆకాశంలోకి వదిలేయాలి. రెండోది మరిచిపోతే మోసపోతాం. తళతళలాడే జింకు రేకు ఎండను బాగానే తిప్పికొడుతుంది, కానీ పట్టుకున్న వేడిని వదలదు. అందుకే మెరుస్తున్నా మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టలేం. సున్నం పూసిన కప్పు రెండు పనులూ చేస్తుంది. సమతలమైన కప్పు కొత్తలో ఎండను కనీసం 0.6 వంతు తిప్పికొట్టాలని, వేడిని వదిలే గుణం 0.9 ఉండాలని ఈసీబీసీ 2017లోనే రాసింది. వందల నియమాల మధ్య అది ఒక చిన్న నియమం. తెలంగాణ ఆ ఒక్క నియమాన్ని బయటికి తీసి, దాన్నే ఒక విధానంగా నిలబెట్టింది.

ఈసీబీసీలో ఆ నియమం ఎందుకుంది? చిల్లరు మీద భారం తగ్గడానికి. భవనం పనితీరును అది ఏడాదికి చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయన్న లెక్కలో చూస్తుంది. ఆ లెక్క ప్రకారం మా మేస్త్రి రేకుల గది నగరంలోకెల్లా పొదుపైన భవనం. అక్కడ ఖర్చయ్యే యూనిట్లు అంత తక్కువ. మే నెల మధ్యాహ్నం ఆ గదిలో పిల్లలు ఉండలేక చెట్టు కిందికి వెళ్లిపోతారన్న నిజం ఆ లెక్కలో ఎక్కడా పడదు. ఆదా చేయాలంటే ముందు వాడి ఉండాలి. వాడనివాడి దగ్గర ఆదా చేయడానికి ఏమీ ఉండదు కాబట్టి, ఆదా కోసం రాసిన పత్రంలో వాడికి చోటూ ఉండదు.

కూల్ రూఫ్ పాలసీ ఇక్కడ ఈసీబీసీ కంటే ఒక మెట్టు పైన నిలుస్తుంది. నగరాల్లో పెరుగుతున్న వేడి గురించి, ఇళ్ల లోపల మనుషుల సుఖం గురించి అది మాట్లాడుతుంది. అయినా తన అవసరాన్ని నిరూపించుకోవాల్సి వచ్చేసరికి అదీ యూనిట్ల దగ్గరికే వెళుతుంది. లక్ష్యం నెరవేరితే ఏటా 60 కోట్ల యూనిట్లు ఆదా అవుతాయన్నది దాని వాదన. ఆ లెక్కను తప్పు పట్టడం లేదు. కానీ బస్తీలో పుట్టిన ఆలోచన తన విలువను బస్తీలో రాత్రి ఎంతమంది నిద్రపోయారన్న లెక్కలో చెప్పుకోలేకపోయింది. 2015 మేలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పొలాల్లో, కూలి పనుల్లో ఎండకు గురైనవాళ్లు ఎందరో. పగలు ఎండలో మాడిన ఒంటికి రాత్రి చల్లదనం దొరక్కపోతే మరునాటికి తేరుకునే శక్తి ఉండదు. ఆ రాత్రిని కొలిచే అంకె ఈ రెండు పత్రాల్లోనూ లేదు.

ఇలా అడగడం అత్యాశ కాదు. 2019 మార్చిలో కేంద్రమే విడుదల చేసిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక అందరికీ ఉష్ణ సౌఖ్యం కావాలని తన లక్ష్యాల్లో రాసుకుంది. అప్పటికి దేశంలో ఏసీ ఉన్న ఇళ్లు 8 శాతం. 2037-38 నాటికి చల్లదనం గిరాకీ 2017-18తో పోలిస్తే ఎనిమిది రెట్లు అవుతుందని కూడా ఆ ప్రణాళికే అంచనా వేసింది. ఈసీబీసీ ఆ 8 శాతం వైపున నిలబడి పెరిగే గిరాకీకి కళ్లెం వేస్తోంది. మిగతా 92 శాతం ఇళ్ల దగ్గరికి వెళ్లాల్సింది కూల్ రూఫ్ పాలసీ. వెళ్లిందా?

గీత ఎక్కడ గీశారు?

సర్కారు భవనాలకు, వాణిజ్య భవనాలకు, నివాసేతర భవనాలకు విస్తీర్ణంతో పనిలేకుండా చల్లటి కప్పు తప్పనిసరి అని పాలసీ చెప్పింది. ఇది మంచి నిర్ణయం. జనం సొంతంగా కట్టుకునే ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక గీత గీసింది. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇంటికి తప్పనిసరి. అంతకు తక్కువైతే ఐచ్ఛికం.

ఇప్పుడు కేంద్రం వైపు చూడండి. ఇళ్ల కోసం బ్యూరో 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత తెచ్చింది. ఈసీబీసీకి అది చెల్లెలు లాంటిది. అది వర్తించేది 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు. 500 చదరపు మీటర్లను గజాల్లోకి మారిస్తే 598. అంటే ఆరు వందల గజాలే. ఒకటి దిల్లీలో మీటర్లలో రాసింది, ఒకటి హైదరాబాద్‌లో గజాల్లో రాసింది. ఒకటి కరెంటు వైపు నుంచి వచ్చింది, ఒకటి ఎండ వైపు నుంచి వచ్చింది. చివరికి రెండూ ఒకే గీత దగ్గర ఆగిపోయాయి.

ఆ గీతకు ఇవతల ఎవరుంటారు? ప్రభుత్వ భూమిలో ఇళ్లు వేసుకున్న పేదలకు తెలంగాణలో 2014 నాటి జీవో 58 కింద ఉచితంగా క్రమబద్ధీకరించింది 125 గజాల వరకు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పట్టణాల్లో ఇచ్చింది ఒక్కో సెంటు, అంటే 48 గజాలు. పేదవాడి ఇల్లు ఎంత ఉంటుందో ప్రభుత్వాలకు తెలుసు. పట్టా కాగితం మీద ఆ కొలత రాసిచ్చింది కూడా అవే. వేడి విషయానికి వచ్చేసరికి మాత్రం లెక్క 600 దగ్గర మొదలైంది.

ఈ గీతకు పాలనాపరమైన కారణం ఉండొచ్చు. చిన్న ఇళ్లవాళ్ల మీద నిబంధన పెడితే అది భారమవుతుంది, అనుమతుల పేరుతో వేధింపు మొదలవుతుంది. ఈ భయం సబబైనదే. కానీ తప్పనిసరికి ఎదురుగా ఉండేది ఐచ్ఛికం ఒక్కటే కాదు. హక్కు అన్న మాట కూడా ఉంది. గీతకు పైన ఉన్నవాడికి చల్లటి కప్పు బాధ్యత కావాలి. గీతకు కింద ఉన్నవాడికి అది హక్కు కావాలి, వేయించే బాధ్యత ప్రభుత్వానిది కావాలి. రెండు పత్రాల్లో ఏదీ ఈ రెండో వాక్యం రాయలేదు.

కట్టిన రోజు, కట్టిన తర్వాత

ఇంకో పోలిక మిగిలింది, కాలం. ఈసీబీసీ భవనాన్ని పుట్టుక దగ్గర పట్టుకుంటుంది. డ్రాయింగుల మీద, అనుమతి దగ్గర, పెద్ద మరమ్మతుల దగ్గర దాని బలం కనిపిస్తుంది. గోడలో, అద్దంలో పెట్టిన నాణ్యత ముప్పై నలభై ఏళ్లు నిలుస్తుంది కాబట్టి ఈ పద్ధతి దానికి సరిపోయింది.

కప్పు తెలుపు అలా నిలవదు. దుమ్ము పేరుకుంటుంది, వానాకాలంలో పాచి పడుతుంది, రెండో వేసవికే తెలుపు మాసిపోతుంది. పూర్తయిన భవనాన్ని ఒకసారి చూసి సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లిపోతే ఆ కప్పు మూడేళ్లలో మామూలు కప్పు అవుతుంది. కూల్ రూఫ్ పాలసీ బతకాల్సింది అనుమతుల్లో కాదు, ఏటా చేసే పనిలో. ఇక్కడ అది ఈసీబీసీ దారిలోనే నడిచి, తన వస్తువు స్వభావాన్ని తక్కువ అంచనా వేసిందనిపిస్తుంది.

ఈ పని మన ఊళ్లకు కొత్త కాదు. సంక్రాంతికో ఉగాదికో ఇంటికి వెల్ల వేయడం ఇప్పటికీ ఉంది. రాయలసీమలో చవుడు మిద్దె ఉన్నవాళ్లు వానలకు ముందు కప్పు మీద కొత్త చవుడు పరిచేవాళ్లు. ఇల్లు అన్నది ఒకసారి కట్టి వదిలేసేది కాదని, ఏటేటా చూసుకోవాల్సిందని ఆ అలవాట్లలో ఉంది. ఉగాది వెల్ల గోడ నుంచి కప్పుకు ఎక్కాలి. బస్తీల్లో ఆ పని చేసే మేస్త్రీలకు, ఆడవాళ్ల పొదుపు సంఘాలకు మున్సిపాలిటీ ఏటా మార్చిలో పని ఇచ్చి కూలి కట్టాలి. పగిలిన రేకు ముందు మార్చాలి, తర్వాత తెలుపు వేయాలి. కొన్ని గదుల్లో థర్మామీటరు పెట్టి, రాత్రి పదింటికి లోపల ఎంత వేడి ఉందో వార్డు ఆఫీసు బోర్డు మీద రాయాలి. ఆ అంకె తగ్గితేనే విధానం గెలిచినట్టు.

తీర్పు

రెండింట్లో ఏది మెరుగు అని అడిగితే నేను చెప్పేది ఇది. ఈసీబీసీ బలం దాని కచ్చితత్వంలో ఉంది. గోడ, కిటికీ, యంత్రం అన్నిటినీ కలిపి చూస్తుంది, ప్రతిదానికీ అంకె చెబుతుంది, తప్పించుకునే సందు తక్కువ ఇస్తుంది. కానీ మనుషులు దానికి కనిపించేది వాళ్లు వాడే కరెంటులోంచి మాత్రమే. కూల్ రూఫ్ పాలసీ చూపు సరైన చోట పడింది. ఎండ పడే కప్పును చూసింది, సున్నం లాంటి చవకైన మందును నమ్మింది, బస్తీ నుంచి నేర్చుకుంది. కానీ దాని చేతిలో పట్టు లేదు. పై అంతస్తు దాటి కిందికి దిగదు, తెలుపు మాసిపోయాక ఏం చేయాలో గట్టిగా చెప్పదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరి ఇళ్ల మీద ప్రయోగం చేసి పుట్టిందో వాళ్ల ఇళ్ల ముందుకే వచ్చి ఆగిపోయింది. ఈసీబీసీ పట్టు, కూల్ రూఫ్ చూపు కలిసిన మూడో పత్రం ఒకటి రావాలి. అది చిన్న ఇంటి నుంచి మొదలవ్వాలి.

ఈ ఉగాదికి ముందు మా మేడకు మళ్లీ రెండు కోట్లు వేయించాలి. మేస్త్రికి ఫోన్ చేశాను, వస్తానన్నాడు. పాలసీ ప్రకారం అతని ఇంటికి చల్లటి కప్పు ఐచ్ఛికం. అతనికి ఇచ్ఛ లేక కాదు. సున్నం నానబెట్టడం, వడగట్టడం, శ్లాబు తడిపి పట్టించడం అతనికి తెలిసినంత బాగా ఈ రెండు పత్రాలూ రాసినవాళ్లకు తెలియదు. అతని రేకు ఇంకా పగిలే ఉంది.